తోడుకి తోడు

అమ్మా, నమస్కారం.

ఒంటరి వృద్ధులకు సాయపడే శిక్షణలో మీరు నేర్పినట్టే సోమవారం రెండో అంతస్తులోని కుట్టుపనావిడ ఇంటికి వెళ్లాను. ఎనభై రెండేళ్లు. సలహాలివ్వకుండా గంటసేపు విన్నాను. ముప్పై ఏళ్లు బస్సులో ‘ముందుకు జరగండి’ అని అరిచినవాణ్ణి, నోరు కట్టుకోవడం కష్టమే.

ఆవిడ కోరిక ఒకటే, చెల్లెల్ని ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలని. ఎదురు మేడ కింది వాటాలో చెల్లెలుంది. చెల్లెలు మోకాళ్ల నొప్పులతో కదల్లేదు, ఈవిడ మెట్లు దిగలేదు. ఏడాదిగా కిటికీల్లోంచి చేతులూపుకుంటున్నారు. నెలాఖరుకు చెల్లెలు ఊరు మారుతోంది. నా ఒక్కడివల్ల కాదు. తోడు కావాలి.

ఇట్లు,
రిటైరైన కండక్టరు

తా.క. టీ ఇచ్చింది. నిబంధన ప్రకారం వద్దన్నాను. మళ్లీ ఇచ్చింది. రెండోసారి గురించి నిబంధనల్లో లేదు.

*

బాబాయిగారికి, శిక్షకురాలు రాయునది.

డెబ్బై దాటిన సహాయకులకు బెంగ, నీరసం సహజం. మొహమాటపడకుండా తోడు అడిగారు, సంతోషం. మీ బాగోగులు చూడ్డానికి రిటైరైన పోస్ట్‌మాన్ గారిని పంపుతున్నాను.

మీ క్షేమం కోరే,
శిక్షకురాలు

తా.క. ఆయనకు వినపడదు. మీరెంత చెప్పుకున్నా సలహా ఇవ్వరు.

*

అమ్మా, నమస్కారం.

పోస్ట్‌మాన్ మంచివారే. ఆవిణ్ణి వదిలేసి నన్నే చూస్తూ కూర్చున్నారు. నేను నీళ్లు తాగితే రాసుకున్నారు, ఆవలిస్తే రాసుకున్నారు. నాకు బెంగ లేదు. మోయడానికి ఇద్దరం చాలం.

ఇట్లు,
కండక్టరు

తా.క. ‘మీ ఇద్దరిలో నన్ను చూడ్డానికొచ్చింది ఎవరయ్యా?’ అని ఆవిడ అడిగింది.

*

బాబాయిగారికి,

మనసులో భారం మోయలేకపోతున్నారని అర్థమైంది. బెంగ లేదన్నవాళ్లకే బెంగ ఎక్కువ. పైగా పోస్ట్‌మాన్ గారికీ డెబ్బై దాటాయి, ఆయనకూ తోడుండాలి. నర్సుగారు వస్తారు. ఆవిడకు తోడుగా వడ్రంగి మేస్త్రీ. ఆయనకి అరవై తొమ్మిదే కాబట్టి అక్కడితో ఆగింది.

మీ శిక్షకురాలు

తా.క. మేస్త్రీ పుట్టినరోజు వచ్చే నెల. ఇంకొకర్ని వెతుకుతున్నాను.

*

అమ్మా, నమస్కారం.

నలుగురం చేరాం. గదిలో కుర్చీలు మూడు. ‘ఎవరూ రారని ఏడ్చిన నోటికి తగిన శాస్తే’ అంటూ ఆవిడ టీలు పెట్టింది.

మనిషి పది కిలోలకు మించి ఎత్తరాదని శిక్షణలో చెప్పారు. ఆవిడ ముప్పై ఏడు కిలోలు, ప్లాస్టిక్ కుర్చీ మూడు కిలోలు. తలా పది. నర్సుగారు ఆవిణ్ణి పాత చీరతో కుర్చీకి కట్టారు. మేస్త్రీ ‘ఎడమ కాలు, కుడి కాలు’ అంటూ నడిపించాడు. సగం మెట్లలో ఆవిడ, ‘నలుగురు మోసేది ఒక్కసారే అనుకున్నాను. బతికుండగానే చేయి తిరిగింది మీకు’ అంది. పోస్ట్‌మాన్‌కి వినపడలేదు. మేం ముగ్గురం నవ్వు ఆపుకోలేక కుర్చీ దించాం.

రోడ్డు దాటించాం. చెల్లెలు అక్కను ఎగాదిగా చూసి, ‘ఇంత చిక్కిపోయావేమే, కిటికీలో లావుగా కనబడేదానివి’ అంది. ఆ తరవాత ఇద్దరూ ఏడ్చారు. మేం గోడవైపు తిరిగి నిలబడ్డాం.

ఇట్లు,
కండక్టరు

తా.క. మళ్లీ పైకి మోయడానికి మా నలుగురికీ దమ్ము లేదు. ఆవిడ అడగనూ లేదు. నెలాఖరు దాకా మీ రిజిస్టరులో ఆవిడ చిరునామా మార్చుకోండి: ఎదురు మేడ, కింది వాటా.