గార్లండ్ కుర్చీ, వాండా చెంచా

నవంబర్ 3, మంగళవారం

నడీన్ తన దుకాణంలో పొయ్యి వెలిగించింది. ఇక చలికాలం వచ్చినట్టే. పొయ్యి పక్కన మా అన్న గార్లండ్ కుర్చీ. అందులో రాయిస్.

మా సరస్సు మీద రివాజు ఒకటుంది. నవంబర్‌లో డాకుల పందెం. బోట్లు కట్టేసే డాకుల చుట్టూ గాలం వేసి, ఎవడు పెద్ద బాస్ చేపను పడితే వాడిదే ఏడాదంతా ఆ కుర్చీ. అన్న దాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. నిరుడు గుండె జబ్బుతో గాలం కర్ర ఎత్తలేకపోయాడు. రాయిస్ గెలిచాడు. అన్న కుర్చీని ఇంటికి తీసుకెళ్లి, కొత్తగా ఆకుపచ్చ రంగు వేసి, తనే మోసుకొచ్చి రాయిస్‌కి అప్పగించాడు. ఓడిపోవడం గార్లండ్‌ని చూసి నేర్చుకోవాలని అందరూ అన్నారు. మార్చిలో అన్న పోయాడు.

రాయిస్ అందులో పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చుంటాడు. వీపు ఆనించడు. ఎడమకాలు నేల మీంచి ఎత్తడు. సుఖపడటం కూడా రానివాడికి ఆ కుర్చీ ఎందుకో.

అన్న కుర్చీ వెనక్కి తెస్తాను. రాసి పెడుతున్నాను.

నవంబర్ 6, శుక్రవారం

నడీన్ దుకాణం ముందున్న పెట్రోలు డాకు మీద పలకలు బిగిస్తుంటే మేకు జారి నీళ్లలో పడింది. దాన్ని తిట్టుకుంటూ కిందకి చూశాను కదా, రేకుల కప్పు నీడలో, బోటు లేని ఖాళీలో, వెండి చిల్లర గుమ్మరించినట్టు షాడ్ చేపపిల్లలు. నీళ్లు చల్లబడేసరికి అక్కడ గుంపుకట్టాయి. ఉన్నట్టుండి ఒకటి వెల్లకిలా తిరిగి మునిగిపోయింది. కింద చీకట్లో ఏదో కదిలింది. షాడ్ పిల్ల లేదు.

అంటే బాస్ చేపలు కింద నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. చచ్చి రాలే వాటి కోసం. ఎరల్లో అలా రాలేది చెంచా ఒక్కటే. అన్న అన్నం తినే చెంచాలు కోసి ఎరలు చేసేవాడు. కాడ కోసేసి, రెండు కొసలా బెజ్జాలు పెట్టి, ఒక కొసకి దారం, ఇంకో కొసకి మూడు ముళ్ల గాలం.

మా వంటింట్లో చెంచాలకేం తక్కువ.

నవంబర్ 9, సోమవారం

తక్కువేనట. సూప్ తాగడానికి ఒక్క చెంచా మిగల్లేదని మా ఆవిడ వాండా అరిచింది. పక్కింటి కుక్క ఎత్తుకుపోయి ఉంటుందన్నాను. వాండా నమ్మలేదు. కుక్క కూడా నా వంక అదోలా చూసింది.

నవంబర్ 12, గురువారం

లాభం లేదు. ఇప్పటి స్టీలు చెంచాలు రేకుముక్కలు. నీళ్లలో బొంగరాల్లా తిరిగి దారాన్ని జడ అల్లుతున్నాయి. పైగా నా చెయ్యి ఆగదు. కిందకి దిగకముందే లాగేస్తాను. చెంచాని చావనివ్వరా తమ్ముడూ అనేవాడు అన్న. దారం వదులు చెయ్యి, దాని చావు దాన్ని చావనివ్వు, చేప దిగేటప్పుడే అందుకుంటుంది, నువ్వు లాగేటప్పుడు కాదు అనేవాడు. వినడం నాకు అప్పుడూ రాలేదు.

నవంబర్ 16, సోమవారం

చేతకాకపోతే చేతివాటం. క్యాట్‌ఫిష్ పేగులు సీసాలో వేసి, వారం ఎండలో పెట్టి, గ్యారేజీలో దాచాను. పందెం రోజు, శనివారం తెల్లారేసరికి రాయిస్ బోటు సీటు కింద మూత తీసి పెట్టాలని. వాండాకి వాసన తగిలింది. సీసాతో పాటు నన్నూ బయట నిలబెట్టి మాట్లాడింది. అలా తెస్తే అది గార్లండ్ కుర్చీ కాదు, నువ్వు దొంగిలించిన కుర్చీ, అందులో కూర్చుంటే నీకు నిద్రపడుతుందా అంది. పందెం అయ్యేదాకా ఒక్క వెధవ పనీ చెయ్యను, ఒక్క అబద్ధమూ ఆడనని ఒట్టేయించుకుంది.

తర్వాత వాళ్లమ్మ గ్రేవీ చెంచా తెచ్చి నా చేతిలో పెట్టింది. వెండిపూత, పాతకాలం బరువు. థాంక్స్‌గివింగ్ పండగ విందుకి తప్ప పెట్టె దాటి ఎరగదు. మా అమ్మకి మీ ఇంట్లో నచ్చిన మనిషి గార్లండ్ ఒక్కడే, కోసుకో అంది. దీన్ని నీళ్లపాలు చేస్తే మాత్రం నువ్వు కూడా అక్కడే ఉండిపో అంది.

నవంబర్ 19, గురువారం

ఒట్టు ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. దుకాణం నిండా జనం. శనివారం ఎక్కడ గాలం వేస్తావోయ్ డ్యూయీ అని నడీన్ అడిగింది. అబద్ధం ఆడకూడదాయె. పెట్రోలు డాకు కింద, ఖాళీలో, మా అత్తగారి గ్రేవీ చెంచాతో అన్నాను.

కాఫీలు పొలమారాయి. నిరుడు కల్వర్టు దగ్గర చేపలు కుతకుతలాడుతున్నాయని చెప్పి ఊరినంతా మోకాలి లోతు బురదలో దింపింది నువ్వే కదరా అన్నాడు రాయిస్. ఇప్పుడు చేపలకి గ్రేవీ వడ్డిస్తావా, బిస్కెట్లు కూడా తెస్తున్నావా అన్నాడు. నిజమేరా బాబూ, నా కళ్లతో చూశాను అన్నాను. ఇంకా నవ్వారు. అన్న సమాధి మీద ఒట్టు అన్నాను. నడీన్ కళ్లు తుడుచుకుంది, నవ్వలేక.

ఇంటికి వస్తుంటే దారిలో వెలిగింది. ఇన్నేళ్లు రబ్బరు పాములూ, కుళ్లు పేగులూ అని ఒళ్లు హూనం చేసుకున్నాను. నిజం ఇంత బాగా పనిచేస్తుందని ఎవడైనా చెబితే కదా.

నవంబర్ 21, శనివారం, పొద్దున అయిదు

వణుకుతున్నాను. చలికే.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

తెల్లారగానే బోట్లన్నీ మోత పెట్టుకుంటూ దూరం డాకులకు పోయాయి. పెట్రోలు డాకు మీద నేనొక్కణ్ణే. పది దాటినా అరచెయ్యంత చేపే. చెంచా మంచిదే, చెయ్యే వెధవది. లాగేస్తోంది.

అప్పుడు రాయిస్ పెట్రోలుకి వచ్చాడు. అయిదు పౌన్లు దాటిన చేపను ఎత్తి చూపించాడు. కుర్చీకి ఈసారి ఏం రంగు వేయించను అని అడిగాడు. అంతలో అతని బోటులో చేపల్ని చూపించే తెర కుయ్ కుయ్ మంది. తెర నిండా పెద్ద పెద్ద మచ్చలు, సరిగ్గా నా కాళ్ల కింద. రాయిస్ తెర చూశాడు. నన్ను చూశాడు. డబ్బాలు కట్టి ముంచావు కదరా, నా మెషీన్నే మోసం చేద్దామనా అన్నాడు. లేదు రాయిస్, అవి చేపలే, వెయ్యి గాలం అన్నాను. పెద్ద మనసుతో చోటు కూడా ఇచ్చాను. నీ మాట విన్నవాడు బాగుపడ్డాడా అని ఇంజను తిప్పుకుని పోయాడు. ఆ మాట ఫ్రేము కట్టించుకోవాలి.

ఇంకాసేపట్లో పన్నెండయి పందెం ముగుస్తుందనగా చెంచా డాకు లంగరు తీగకి తగులుకుంది. లాగితే దారం తెగుతుంది. అత్తగారి చెంచా సరస్సులో, నేను వాండా ముందు. నా జన్మలో మొదటిసారి లాగలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కర్ర దించి, దారం పూర్తిగా వదిలేసి మెల్లిగా కదిపాను. పోతే పోయిందిలే అన్నట్టు. ఊడింది. మెరుస్తూ, ఊగుతూ, చచ్చినట్టు కిందకి దిగిపోయింది.

దారం పక్కకి నడిచింది.

తర్వాత ఏం చేశానో నాకు తెలీదు. దుకాణం తలుపు దగ్గర నిలబడి చూసిన నడీన్ చెబుతోంది, బోర్లా పడుకుని చేపని పేరు పెట్టి తిట్టానట. ఏం పేరని అడిగితే రాయిస్ అంది.

ఆరు పౌన్లు మీద ఒక ఔన్సు. నేను కాబట్టి నడీన్ రెండుసార్లు తూచింది. నోరు తెరిచి, సీసం గుండ్లు కుక్కానేమోనని టార్చి వేసి మరీ చూసింది. చెంచా తప్ప ఏమీ లేదు. అప్పుడు అరిచారు చూడండి జనం, రేకుల కప్పు లేచిపోతుందనుకున్నాను. రాయిస్ వంగి చేప నోట్లో చెంచాను చూశాడు. నిజమే చెప్పావేంట్రా దొంగ వెధవా అన్నాడు. చెయ్యి కలిపాడు. చేపని అదే ఖాళీలో వదిలేశాను.

చెంచా వాండాకి ఇచ్చాను. కడిగి, తుడిచి, కాడ లేకుండానే పెట్టెలో పెట్టుకుంది.

నవంబర్ 23, సోమవారం

కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాను. ఎడమవైపుకి పడబోయి నిలదొక్కుకున్నాను. ఎవరూ చూడకుండా వంగి చూశాను. కుర్చీ వెనక ఎడమకాలు అంగుళం కోసి ఉంది. కోసిన చోట కూడా అన్న వేసిన ఆకుపచ్చ రంగే, నీటుగా.

ఏడాదంతా రాయిస్ నోరు మెదపలేదు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

ఎడమకాలు నేలకి తన్నిపెట్టి, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నట్టున్నావేంటి అని నడీన్ అడిగింది.

చాలా సుఖంగా ఉందన్నాను.