సబ్బు సీసా అడుగున

అమ్మా, నేను బాగానే ఉన్నాను, పేపర్లో మా ఆసుపత్రి సంగతి చూసి కంగారుపడకు. పురిటి పిల్లల వార్డులో ఇద్దరు పసికందులు పోయారు. ఏ మందుకూ లొంగని క్రిమి. అదెక్కణ్ణుంచి వచ్చిందో తేల్చే పని మా ల్యాబుది. పిల్లల రక్తంలో దొరికినదాన్నీ, వార్డులో చేతులు కడుక్కునే సబ్బు సీసా అడుగున దొరికినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అచ్చు గుద్దినట్టు ఒక్కటే.

సీసా కడక్కుండా పాత సబ్బు మీదే కొత్తది పోస్తూ వచ్చింది పెద్ద నర్సమ్మ. చుక్క వృథా పోనివ్వని మనిషి. సంగతి చెబితే, "చేతులు కడుక్కోకుండా ఏ బిడ్డనీ ముట్టుకోలేదమ్మా నేను" అంది. అప్పట్నుంచి ఆవిడ పిల్లల్ని ఎత్తుకోవడం లేదు.

నువ్వూ సబ్బు అడుగంటగానే నీళ్ళు పోసి కుదిపి వాడతావు. నీ పొదుపు సంగతి తర్వాత, ముందు ఆ సీసా పారెయ్. జ్వరం తగ్గిందని నాన్నను మాత్రలు మధ్యలో మానెయ్యనివ్వకు. కుట్టుమిషను బాగైందా?

అక్క పురిటి నీరసం తగ్గిందనుకుంటాను. ఆదివారం వస్తాను. రాగానే పాపను నా చేతికివ్వకండి. కాసేపు దూరం నుంచే చూసుకోనివ్వండి.

నీ చిన్నది