ఉత్తినే వచ్చిన గది

లాస్ వేగస్,
మంగళవారం.

గ్లాడిస్ అక్కకి,

ఫోనులో నీకు సగం మాటలు వినిపించవు. వినిపించిన సగానికి ఎదురు ప్రశ్నలు వేస్తావు. పైగా మా ఆయన ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటాడు. అందుకే రాస్తున్నాను. చదివాక మన హిలో ఊళ్ళో ఎవరికీ చెప్పకు. గుడి దగ్గర కలిసే ఆడవాళ్ళకి అసలే చెప్పకు.

అక్కా, నాకు భయంగా ఉంది.

మా ఆయన ఆట సంగతి నీకు తెలుసు. చక్కెర మిల్లులో యంత్రాలు బాగుచేసిన మనిషి కదా, వీడియో పోకర్ మెషిన్ ముందు కూడా మరమ్మతుకి కూర్చున్నట్టే కూర్చుంటాడు. తెర మీద అయిదు పేకముక్కలు పడతాయి. పనికొచ్చేవి ఉంచుకుని మిగతావి పారేస్తే కొత్తవి వస్తాయి. ఏది ఉంచాలో ఏది పారేయాలో ఆయనకి కంఠతా వచ్చు. "చేతిలో జత పడితే దేవుడొచ్చి అడిగినా విడగొట్టకూడదు" అని పక్కవాళ్ళకి కూడా పాఠం చెబుతాడు. మెషిన్‌లో మనం పెట్టే సభ్యత్వం కార్డును బట్టి ఎవరు ఎలా ఆడుతున్నారో కోరల్ హౌస్ కేసినో వాళ్ళకి తెలిసిపోతుంది. మర్యాదలన్నీ దాన్ని బట్టే. మిట్స్ అంత బాగా ఆడతాడు కాబట్టే ఇన్నేళ్ళలో వాళ్ళు మాకు ఉత్తినే పెట్టింది ఎద్దుతోక పులుసు ఒక్కటే. "ఆటగాడికి పులుసు, ఓడేవాడికి పక్క" అంటుంది బెర్నిస్. మా పక్క మెషిన్ మీద ఆడే హొనొలులు ఆవిడ. నోరు చెడ్డది గానీ మనిషి మంచిది.

ఈ ఏడాది మర్యాదలు మారాయి. ముందు ఒక దుప్పటి ఇచ్చారు. తర్వాత చక్రాల పెట్టెలు ఇచ్చారు. తర్వాత రైస్ కుక్కర్ ఇచ్చారు, అది అట్టపెట్టెలోనే ఉంది, నీకు పంపిస్తాను. ఆ తర్వాత రమోనా వచ్చింది. పెద్ద ఆటగాళ్ళ బాగోగులు చూడడానికే అక్కడ పెట్టుకున్న అమ్మాయి. ఇన్నేళ్ళలో మా వంక కన్నెత్తి చూసిన పిల్ల కాదు. "అంకుల్! పెళ్ళిరోజు వస్తోందట కదా? పై అంతస్తులో మూల గది మీకే అట్టేపెట్టాను. ఆంటీ, మీరు రోజూ ఇంట్లో వండకండి, నాకొక్క ఫోన్ కొట్టండి" అంది. నేను పొంగిపోయాను. ఇన్నాళ్ళకి మా ఆయన విలువ వీళ్ళకి తెలిసిందనుకున్నాను. బెర్నిస్ ముందు కాస్త గొప్పలు కూడా పోయాను.

మొన్న నా డబ్బులు అయిపోయి ఆయన వెనక నిలబడి చూస్తున్నాను. రెండు రాణులు పడ్డాయి. ఆయన ఆ రెండు రాణుల్నీ పారేసి ఒంటి ఆసు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి మిట్స్, అది?" అన్నాను.

"చెయ్యి జారింది" అన్నాడు.

కాసేపటికి మళ్ళీ జత పడింది. మళ్ళీ చెదరగొట్టాడు. ఈసారి నేను అడగలేదు. బెర్నిస్ కూడా చూసింది. చూసి నా వైపు తిరిగి, జన్మలో మొదటిసారి, నోరు మూసుకుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అమ్మ కడిగిన బియ్యమే మళ్ళీ మళ్ళీ కడుగుతుంటే మనం నవ్వుకున్నాం, గుర్తుందా? ఆ నవ్వుకి తర్వాత ఎంత ఏడ్చాం! మిట్స్ మొన్నమొన్నటిదాకా ఎంత బాగున్నాడు. వాల్టర్ బావ పోయినప్పుడు శవపెట్టె భుజాన మోసిందీ, గుడిలో అందరి ముందూ నిలబడి బావ గురించి తడుముకోకుండా మాట్లాడిందీ ఆయనే కదా. ఇప్పుడు నాకొచ్చే ఆలోచన చెబితే నన్నే పిచ్చిదంటావు. ఆయన మతి తప్పుతున్న సంగతి నాకంటే ముందు, డాక్టరు కంటే ముందు ఆ కార్డు పసిగట్టిందా? ఆయన ఎంత తప్పుతుంటే మాకు అంత మర్యాద జరుగుతోందా? ఆ దుప్పటి నిన్న తీసి కారు డిక్కీలో పడేశాను. కప్పుకోబుద్ధి కాలేదు.

నీ చెల్లెలు,
ఎల్సీ

లాస్ వేగస్,
ఆదివారం.

అక్కా,

ముందు నన్ను నాలుగు తిట్టు. నిన్ను అనవసరంగా హడలగొట్టాను.

నీ ఉత్తరంలో "అడగకుండా ఏడవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే" అని రాశావు కదా. ఆ మాటకి రోషం వచ్చి అడిగేశాను. కోరల్ హౌస్‌లో పులుసు తాగుతున్నాం. ఆయన అల్లం ముక్కలు ఏరి నా గిన్నెలో వేస్తున్నాడు.

"మిట్స్, రాణుల జత ఎందుకు పారేశావ్? నిజం చెప్పు" అన్నాను.

ముందు గతుక్కుమన్నాడు. తర్వాత పులుసు పొరబోయేంత నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! నీకు కనపడకుండా చేద్దామనుకున్నా. కావాలనే పారేశానే. ఇన్నేళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడి నీకేం తెచ్చా? ఈ తోకేగా! పార్కింగ్‌లో నిలబడి ఆ పై గదుల వంక ఎన్నిసార్లు చూశావ్, అందులో పడుకునేవాళ్ళు ఏ పుణ్యం చేసుకున్నారో అని ఎన్నిసార్లు అన్నావ్? వీళ్ళకి బాగా ఆడేవాడంటే గిట్టదు. సరే, ఓ నాలుగు నెలలు వెధవలా ఆడదాం, గది వాళ్ళే ఇస్తారు అనుకున్నా. ఇచ్చారా లేదా?"

"అలా పోగొట్టిన డబ్బుతో ఆ గది కొనుక్కోవచ్చు కదయ్యా!"

"కొంటే నీకు నిద్ర పడుతుందా? తెల్లార్లూ లెక్కలేసుకుంటూ కూర్చుంటావ్. నీకు ఉత్తినే వస్తేనే ఒంటికి పడుతుంది."

అక్కా, పక్క టేబుల్ వాళ్ళు చూస్తున్నా ఆగలేక ఏడ్చేశాను. తిడుతూనే ఏడ్చాను. నా మొగుడికి ఏమీ కాలేదు. మొండితనం ఉంది, అది ఎప్పుడూ ఉన్నదే. డిక్కీలోంచి దుప్పటి తెచ్చి ఉతికి ఆరేశాను.

గురువారం గదికి వెళ్తున్నాం. "మా అక్క ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంది, నువ్వే నీ చేత్తో నాలుగు ముక్కలు రాయి" అన్నాను. రాస్తానన్నాడు. నీ మరిది చేతిరాత చూస్తే నీకూ ధైర్యం వస్తుంది.

నీ ఎల్సీ

కోరల్ హౌస్, పై అంతస్తు,
గురువారం సాయంత్రం.

వదినగారికి,

నాకు మతి పోయిందని మీ చెల్లెలు మీకు రాసిందట. మతి పోయింది నిజమే. ముప్పైతొమ్మిదేళ్ళ కిందట దాన్ని చేసుకున్నప్పుడే పోయింది, మీరు అప్పుడు గమనించలేదు.

ఈ గది చూస్తే మీరు నవ్వుతారు. స్నానాలగది మా హిలో వంటింటి కన్నా పెద్దది. ఎల్సీ వచ్చీ రాగానే సబ్బులన్నీ సంచీలో సర్దేసి, ఒకటి కూడా బయట ఉంచకుండా, ఇప్పుడు సబ్బు ఏదని నన్నే అడుగుతోంది. కిటికీలోంచి కొండలు ఎర్రగా కనపడుతున్నాయి. కింద మేం ఎప్పుడూ కారు పెట్టే చోటు కూడా కనిపిస్తోంది. అక్కడ నిలబడి పైకి చూసే మనిషి ఇవాళ ఇక్కడి నుంచి కిందికి చూస్తోంది. ఆ మొహం చూడ్డానికి ఎన్ని రాణుల్నయినా పారేయొచ్చు వదినా. రేపటి నుంచి మళ్ళీ బుద్ధిగా ఆడతాను. మీరు బెంగ పెట్టుకోకండి.

ఇంకో మాట. వాల్టర్ అన్నయ్యకి చెప్పండి, ఆయన గాలం కర్ర నా దగ్గరే భద్రంగా ఉంది. అడగలేక మొహమాటపడుతున్నాడేమో. అసలు ఆయన్నే ఓసారి ఇటు రమ్మనండి. ఫోన్ చేస్తే ఈ మధ్య తీయడం లేదు, నా మీద కోపమా? ఈ గదిలో రెండు మంచాలున్నాయి.

మీ మరిది,
మిట్స్

అక్కా, కవరు అంటించబోతూ చదివాను. "బాగా రాశానా?" అని పక్కనే నిలబడి అడిగాడు. బాగుందన్నాను. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, వాల్టర్‌కి ఈ ఊరి ఎండ పడుతుందో లేదో అంటున్నాడు. బావ లేడని చెప్పనా? చెబితే ఈ పూటే పోయినట్టు ఏడుస్తాడు. రమోనా పళ్ళబుట్ట పంపింది, వచ్చే నెల కూడా ఈ గది మాకేనట. నాకు చాలా భయంగా ఉంది అక్కా. రెండో మంచం ఖాళీగానే ఉంది. నువ్వు రా.
ఎల్సీ