బొమ్మలోంచి తీసిన ఇసుక

నాన్నకు, నీ చిన్నకూతురు దణ్ణం పెట్టి రాస్తున్నది.

నేనిక్కడ బాగానే ఉన్నాను, అంటే తింటున్నాను, నడుస్తున్నాను. నువ్వూ అమ్మా అక్కా కులాసాగా ఉన్నారనుకుంటాను. శిక్షణ ముగిసేదాకా ఫోన్లు ఇవ్వరట, అందుకే మళ్లీ ఈ కాగితం.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలి వాపు తగ్గింది. అరచేతుల్లో బొబ్బలు పగిలి గట్టిపడ్డాయి, ఇప్పుడు అచ్చం నీ చేతుల్లాగే ఉన్నాయి. అమ్మకు చెప్పకు. "ఎందుకమ్మా నీకీ ఫైరింజను ఉద్యోగం?" అని మళ్లీ అడిగావు. ఈ వారం ఆ మాట నన్ను నేనే రోజుకి పదిసార్లు అడిగి చూసుకున్నాను.

విసుగొస్తోంది నాన్నా. పొద్దున్నే ఐదు కిలోమీటర్ల పరుగు, తర్వాత నీళ్ల గొట్టం భుజాన వేసుకుని మెట్లు. మేం వగరుస్తుంటే మా ట్రైనర్ పైన నిలబడి, టీ తాగుతూ, "బలం కండల్లో లేదు, బుర్రలో ఉంది" అంటాడు. బుర్రలోనే ఉంటే నా కాళ్లెందుకు వణుకుతాయో ఆయనే చెప్పాలి. మూడు నెలలుగా ఒళ్లు హూనమవుతోంది కానీ బలం వచ్చిన జాడ లేదు.

మా 'మామయ్య' ఎలా ఉన్నాడని అడిగావు. డెబ్బై కిలోల ఇసుక బొమ్మ ఎలా ఉంటుంది? కదలడు, మెదలడు, చెయ్యి సాయం చెయ్యడు. తలా ఒక బొమ్మ, నంబరు వేసి ఇచ్చారు. మంటల్లో చిక్కుకున్న మనిషనుకుని మూడో అంతస్తు నుంచి భుజాన మోసుకుని కిందికి దించాలి, మధ్యలో పడేస్తే ఇంటికే. నేను పాసయ్యానని పోయిన ఉత్తరంలో రాశాను. గోదాములో నీతో బస్తాలు మోసేవాళ్లందరికీ టీలు ఇప్పించావని నువ్వు రాశావు. అది చదివినప్పట్నుంచి ఆ టీల లెక్కే వేసుకుంటున్నాను.

నేను పాసవ్వలేదు నాన్నా. పరీక్ష ముందురోజు బొమ్మలు సర్దే పని నాది. నా బొమ్మ వీపు విప్పి ఎనిమిది మగ్గుల ఇసుక తీసేశాను. మర్నాడు దాన్ని చకచకా దించేస్తే ట్రైనర్ చప్పట్లు కొట్టి, "చూసి నేర్చుకోండి" అన్నాడు.

నా పక్క మంచం అమ్మాయి, దర్జీ కూతురు, మేం సూదక్క అంటాం. తను నిండు బొమ్మను మోసి, ఇంకా ఆరు మెట్లుండగా పడిపోయింది. పెట్టె సర్దుకుంటూ, "నీ కాళ్లూ నా కాళ్లూ ఒకటే కదే. ఎలా మోశావో చెప్పవే" అంది. నేను తన పెట్టె గేటుదాకా మోశాను.

నిన్న ట్రైనర్ దగ్గరకెళ్లి అంతా చెప్పేశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"తీసిన ఇసుకేదీ?"

"నా మంచం కింద బకెట్లో ఉంది సార్."

తెప్పించి నా చేతే మళ్లీ పోయించాడు. నెలాఖరున నాకూ సూదక్కకూ ఇంకొక్క అవకాశం, అదే ఆఖరు. సూదక్క కబురందుకుని రాత్రే తిరిగొచ్చింది కానీ, నాతో మాట్లాడటం లేదు. ఈ పొద్దున నిండు బొమ్మనెత్తి రెండో అంతస్తు మలుపులోనే పడేశాను. ఒళ్లు మండి దాన్నొక తన్ను తన్నాను కూడా.

నాన్నా, నువ్వు గోదాములో బస్తాలు తూచే కాటా ఎక్కి నీ బరువెంతో వెంటనే రాయి. సాధనకు ఇంకో బొమ్మ అడిగి తెచ్చుకున్నాను. అందులో సరిగ్గా అంతే ఇసుక పోస్తాను. మామయ్యనైతే మెట్ల మీద పడేయగలిగాను కానీ, నిన్ను పడేయలేను.

ఇట్లు,
ఇంకా పాసవ్వని నీ చిన్నకూతురు