శనగగింజంత చాలట

చిట్టితల్లీ, తప్పులుంటే నవ్వకు. ఈ కాస్త రాయడానికే నాకు అరగంట పట్టింది.

మీ అమ్మ డ్యూటీకి వెళ్ళింది. ఆసుపత్రిలో వరస పెరగకముందే నీ పేరు రాయించడానికి నేను వెళ్తున్నాను. అన్నం మెత్తగా వండి మూతపెట్టాను. తిని పదింటికల్లా వచ్చేయి. డాక్టరమ్మను అడగందే నొప్పి మాత్ర వేసుకోకు.

నిన్న నీ విరేచనం పరీక్ష కాగితం వచ్చింది. మొన్న డబ్బా నిండా పెట్టి పట్టుకెళ్తే ల్యాబు అమ్మాయి ఒకటే నవ్వు. "శనగగింజంత చాలు మామ్మగారూ, ఊరంతా పంచుతామా?" అంది. తక్కువిస్తే సరిగ్గా చూడరేమో అనుకున్నానే! పేగు వాస్తే తెల్లకణాలు అక్కడ పోగవుతాయట, వాటి జాడ ఆ గింజంతలోనే దొరికిపోతుందట. కోత లేదు, గొట్టం లేదు. ఆ లెక్క యాభైలోపు ఉండాల్సింది నీకు ఎనిమిది వందలుంది. వాపు ఎందుకొచ్చిందో ఇంకా చూడాలన్నారు, మందులున్నాయన్నారు. ఎంత వింత! రాత్రంతా ఆ కాగితమే తడుముతూ కూర్చున్నాను.

నాలుగు నెలలుగా నువ్వు కడుపు పట్టుకుంటే బడి ఎగ్గొట్టే వేషాలన్నాను. ముక్కు మూసుకుని నీళ్ళు కొట్టేసే ఆ గింజంత విరేచనం మాట నమ్మాను గానీ, బంగారంలాంటి పిల్ల మాట నమ్మలేదు.

ఇకమీదట ఏ వేళ నొప్పొచ్చినా నన్ను లేపు. ఒక్క మాట అనను.

మీ నాయనమ్మ, అరవై తొమ్మిదేళ్ళు, మీ తాతయ్య పోయినప్పటినుంచీ నీ పక్క మంచం.