పొట్టి బ్రేకు పైపులు

తమ్ముడూ,

ట్రక్కుని జాకీల మీద నుంచి దించకు. ముందు చక్రాలు రెండింటికీ కలిపి ఒకే ఇరుసు వేశావు, బాగుంది. బండి జానెడు ఎత్తు లేచింది. కానీ బ్రేకు పైపులు పాతవే ఉంచేశావు. చక్రం గోతిలోకి దిగితే అవి సాగి పుటుక్కున తెగుతాయి. పొడుగు పైపులు షాపతను సాయంత్రం ఇస్తానన్నాడు. ఇవాళ బండితో ఎక్కకపోతే ఆ కొండేం పారిపోదు.

"నీకేం తెలుసక్కా" అంటావు. నా కుట్టుపని టేపుకి గ్రీజు పూసి పెట్టావుగా, దాంతోనే బండి కింద దూరి కొలిచాను. పైపులు బెత్తెడు తక్కువ.

బండి తాళం తీసుకెళ్తున్నాను.

అక్క

మేకుకి తగిలించి చొక్కా వెనక దాచిన రెండో తాళం కూడా నా దగ్గరే ఉంది. సాయంత్రం ఎంత కావాలంటే అంత అరుచుకో. అరవడానికైనా నువ్వుండాలి కదరా.