టైపింగ్ సహాయం: శ్రీమతి సంధ్య

11 ఆగస్టు 1998

దేవనహళ్ళి పక్కన ఒక గవర్నమెంట్ కాలేజీ. నా లిస్టులో ముప్పై ఒకటోది. ఇంకా పదిహేను. అన్ని కాలేజీలకీ ఒకటే బీసీఏ సిలబస్ ఉండాలంది యూనివర్సిటీ. ఎక్కడ ఏముందో చూసి రాయమని నన్ను పంపారు సిలబస్ కమిటీ చైర్మన్ గురుమూర్తి గారు. ఆయనకి బస్సు పడదట.

ఒకటే ఉండాది మేడమ్, చెప్పులు ఆడనే ఇడ్సి రాండి అంది అటెండర్ జయమ్మ. కంప్యూటర్‌కి పాత చీరతో ముసుగు కుట్టింది. అరవై మంది పిల్లలకి ఆ ఒక్కటే. దానికీ కరెంటు లేదు.

ఒళ్ళు మండి, పీయూసీ, అంటే ఇంటర్, రెండో ఏడాది పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్ళాను. ఒకమ్మాయి ప్రాసెసర్, ఒకమ్మాయి మెమరీ. చిన్ని అనే పిల్ల i అనే వేరియబుల్. పలక మీద ఒకటి రాసుకుని నిలబడాలి, లూప్ తిరిగినప్పుడల్లా ఒకటి కలుపుకోవాలి. మొత్తం పదిసార్లు తిరగాలి. పది రాగానే కూర్చుండిపోయింది. పదోసారి చేయాల్సిన పని మిగిలిపోయింది. పదకొండు అయ్యాకే కూర్చోవాలే పిల్లా అన్నాను. మళ్ళీ ఆడాం. ప్రోగ్రాం నడిచింది, కరెంటు లేకుండానే.

బస్సులో వస్తూ దీన్నే యూనిట్ నాలుగుగా రాసేశాను.

2 మార్చి 1999

సిలబస్ డ్రాఫ్ట్. మొదటి పేజీలో గురుమూర్తి గారి పేరు. రెండో పేజీలో ఎనిమిది మంది కమిటీ. అందులో ఆరుగురు వచ్చింది బోండాల కోసం. నా పేరు ఆఖరి పేజీ అడుగున ఉంది. టైపింగ్ సహాయం: శ్రీమతి సంధ్య.

ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్. హొసకోటెలో తొమ్మిదేళ్ళ లెక్చరర్ సర్వీసు. నలభై ఆరు కాలేజీలు బస్సులో తిరిగాను. టైపింగ్.

వదలను.

3 మార్చి

వెళ్ళి గురుమూర్తి గారిని అడిగాను. నీ పేరు ఉండాది కదమ్మా, ఇంకేం కావాలా అన్నారు. ఫైనల్ కాపీ చేతికిచ్చారు. నా నోట్సే, ఆయన దస్తూరీలో. పోయినసారి నా స్పెల్లింగులు దిద్దినావంట, ఈసారి అట్ల వద్దు, రాసింది రాసినట్లు కొట్టు, ఆలోచించేది మేము చూసుకుంటాము అన్నారు.

సరే సార్ అన్నాను.

8 మార్చి

యూనిట్ నాలుగు దగ్గర ఆగిపోయాను. గ్రౌండు పాఠం ఆయనకి అర్థం కాలేదు. పాఠం ఉండాల్సిన చోట తన కోసం ఒక గుర్తు రాసుకున్నారు. ఆస్క్ సంధ్య. పక్కన టెన్ అవర్స్. తర్వాత మర్చిపోయారు.

నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

8 మార్చి, సాయంత్రం 5

రాసింది రాసినట్లు కొట్టాను. యూనిట్ 4: ఆస్క్ సంధ్య. 10 అవర్స్. హెడ్డింగులన్నీ బోల్డ్ కదా, ఇదీ బోల్డే.

30 ఏప్రిల్

అకడమిక్ కౌన్సిల్ పాస్ చేసింది. అరగంటలో పదకొండు సిలబస్‌లు. ఒక్కరూ చదవలేదు.

19 జులై

అచ్చయింది. నలభై ఆరు కాలేజీలకీ వెళ్ళింది. నా కాపీని దిండు కింద పెట్టుకున్నాను.

6 ఆగస్టు

ప్రింటింగ్ సెక్షన్ పెద్దమునియప్ప ఫోన్ చేశాడు. ఇదేం పాఠం మేడమ్, కాలేజీలోళ్ళు నా ప్రాణం తీస్తా ఉండారు, దీని బుక్కు యాడ దొరుకుతాదంట అని. హెబ్బగోడి వైపు ఒక లెక్చరర్ ఇది కొత్త అమెరికన్ సాఫ్ట్‌వేర్ అని క్లాసులో చెప్పేశాడట. గైడు వేసేవాళ్ళు అప్పుడే పన్నెండు పేజీలు రాశారట.

16 ఆగస్టు

గురుమూర్తి గారు పిలిపించారు. ఇట్లెందుకు చేసినావమ్మా అన్నారు. మీరు చెప్పినట్టే కొట్టాను సార్ అన్నాను. ఆ యూనిట్లో ఏముండాదో చెప్పు, కరెక్షన్ పంపిద్దాము అన్నారు. చెప్తాను, సిలబస్ రాసింది సంధ్య అని ఆ కరెక్షన్ మీదే వేయండి అన్నాను. అదెట్లయితాది, కౌన్సిల్ ముందర నా ముఖం ఏం కావాలా అన్నారు. ఆ పాఠం నుంచి ప్రశ్న రాదులే అని తనే ధైర్యం చెప్పుకున్నారు.

అయితే నేను టైపిస్టునే సార్, నాకేం తెలుసు అని వచ్చేశాను. మెట్లు రెండేసి చొప్పున దిగేశాను. సంతోషంతోనే.

2 నవంబర్

నా క్లాసులోనూ ఆ యూనిట్ చెప్పలేదు. వర్షిణి లేచి, సంధ్య అంటే మీరే కదా మేడమ్, మేము అడుగుతున్నాం చెప్పండి అంది. క్లాసంతా నావైపే చూసింది.

చెప్తే ఆయన గట్టెక్కేస్తారు. చెప్పలేదు. ఈ పేజీ నాకే నచ్చలేదు.

29 నవంబర్

పరీక్ష. పేపర్ సెట్ చేసింది బయటి యూనివర్సిటీ ఆయన. సిలబస్ చూసి అడిగాడు పాపం. ఏడో ప్రశ్న: ఆస్క్ సంధ్య గురించి వివరింపుము. పది మార్కులు.

గురుమూర్తి గారు సెలవు పెట్టారట.

14 డిసెంబర్

వాల్యుయేషన్. ఏడో ప్రశ్నకి అమెరికన్ సాఫ్ట్‌వేర్ అని రాసినవాళ్ళే ఎక్కువ. ఏమీ రాయనివాళ్ళు ఇంకా ఎక్కువ. నా చేత్తో నేనే సున్నాలు చుట్టాను. అందులో ఒకటి వర్షిణిదై ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు.

15 డిసెంబర్

ఒక పేపర్. పేరు ఉండదు, నంబరే. సంధ్య మేడమ్ ఒక లెక్చరర్, మా కాలేజీకి బస్సులో వచ్చింది, కరెంటు లేదు, నేను i, పదికి కూర్చోకూడదు, పదకొండుకి కూర్చోవాలి అని రాసింది. పలక బొమ్మ కూడా వేసింది.

పదికి పదకొండు వేయబుద్ధయింది. పదే వేశాను. పదికి పది వేస్తే చీఫ్ ఎగ్జామినర్ సంతకం పెట్టాలి. చీఫ్ గురుమూర్తి గారే. రెండుసార్లు చదివారు, సంతకం పెట్టారు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, పదకొండుకే కూర్చునేది ఎందుకమ్మా అని మెల్లగా అడిగారు.

చెప్పలేదు.